ఆరుబయట కుటుంబ గ్రూప్ ఫోటోకు ఫ్లాష్ వాడే పద్ధతి: కృష్ణ ఒడ్డు నుంచి బ్రాడీపేట పెరడు దాకా

పట్టపగలు, ఆరుబయట ఫోటో తీస్తూ ఫ్లాష్ ఎందుకని అడిగేవారు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. చీకటి పడితేనే ఫ్లాష్ అవసరమన్న అలవాటు వల్ల వచ్చే ప్రశ్న ఇది. ఆరుబయట వెలుతురుకు కొదవ ఉండదు గానీ, అది ఒకచోట మితిమీరి మరొకచోట చాలీచాలకుండా ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకు విజయవాడలో కృష్ణ ఒడ్డున, ఎండకు వీపు పెట్టి పన్నెండు మంది కుటుంబాన్ని నిలబెట్టండి. వారి వెనుక నీటికీ ఆకాశానికీ ఉన్న వెలుగుకు, వారి ముఖాల మీది వెలుగుకు మధ్య మూడు స్టాప్‌ల తేడా (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు), అంటే ఎనిమిది రెట్ల తేడా, తేలిగ్గా కనిపిస్తుంది. ముఖాలకు తగినట్టు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి రానిచ్చే వెలుతురు) పెడితే ఆకాశం బర్న్ అయిపోతుంది, అంటే వివరం లేకుండా తెల్లబోతుంది. ఆకాశాన్ని కాపాడుకుంటే తాతయ్య గారి ముఖం నల్లబడుతుంది. ఈ తేడాను మూడు స్టాప్‌ల నుంచి ఒకటి, ఒకటిన్నర స్టాప్‌లకు దించడమే ఆరుబయట ఫ్లాష్ చేసే పని.

ఒక్కరి పోర్ట్రెయిట్ తీయడంలో చేయి తిరిగినవారు కూడా గ్రూప్ దగ్గర తడబడుతుంటారు. ఒక్క ముఖానికి అందంగా పడే లైటు, పన్నెండు ముఖాల మీద సమానంగా పడదు. అందువల్ల గ్రూప్ విషయంలో ఫ్లాష్ ఎంత బలమైనదన్న ప్రశ్న తరువాతది. అది ఎంత దూరంలో, ఎంత ఎత్తులో, ఎవరి వైపు తిరిగి ఉందన్నదే ముందు తేల్చుకోవలసినది.

మొదటి అడుగు: చోటు, వేళ

సూర్యుడు ఏ వైపు నుంచి వస్తాడో తెలియకుండా చోటు నిర్ణయించకూడదు. భవానీపురం దగ్గర పున్నమి ఘాట్‌లో నీటి వైపు కెమెరా పెడితే మీ చూపు దాదాపు దక్షిణానికి, కొంచెం నైరుతికి తిరిగి ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు పడమటికి ఎడంగా నైరుతి వైపు వాలి, ఆరు గంటలకు కొద్ది నిమిషాల ముందే అస్తమిస్తాడు కాబట్టి, ఎండ కుటుంబం వెనుక నుంచి, మీ కుడిచేతి వైపుగా వస్తుంది. మన పనికి ఇది చాలా అనుకూలమైన స్థితి. అదే చోట మే నెలలో సూర్యుడు వాయవ్యం వైపు జరిగి ఆరున్నర సమయానికి గానీ అస్తమించడు. అప్పుడు ఎండ పూర్తిగా పక్క నుంచి కొడుతుంది. అవతలి ఒడ్డున, సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ నేపథ్యంగా తీయాలనుకుంటే మీరు ఉత్తరం వైపు చూస్తుంటారు. సాయంత్రపు ఎండ ఏ కాలంలోనైనా ఎడమ పక్క నుంచే వస్తుంది.

పక్క ఎండ గ్రూప్‌కు అన్నిటికంటే పెద్ద చిక్కు, ఎందుకంటే వరుసలో ఒకరి తల నీడ పక్కవారి చెంప మీద పడుతుంది, ఆ గట్టి నీడను చెరపగల ఫ్లాష్ మామూలు కుటుంబ ఫోటోకు ఎవరూ మోసుకురారు. ఎండ ముందు నుంచి వస్తే పిల్లలు, పెద్దలు అందరూ కళ్లు చిట్లిస్తారు. కాబట్టి ఎండ వెనుక నుంచి రావాలి, లేదా అసలు ఎండే లేని నీడ కావాలి.

నీడ అన్నాను గనుక చెట్ల గురించి ఒక హెచ్చరిక. వేప, తురాయి వంటి చెట్ల కింద ఆకుల సందుల్లోంచి జారే ఎండ మచ్చలు ముఖాల మీద పడితే ఫ్లాష్ వాటిని పూర్తిగా పోగొట్టదు. ఆకు దట్టంగా ఉన్న రావి కిందనో, మర్రి కిందనో, నీడ ఏకధాటిగా ఉన్న చోటే ఎంచుకోండి. గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో పాత ఇంటి పెరడు దొరికితే, మధ్యాహ్నం మూడు దాటాక ఇంటికి తూర్పు వైపున పడే నీడ ఎంతో మేలైనది. అక్కడ ఫ్లాష్ చాలా తక్కువ బలంతోనే పని ముగిస్తుంది. అపార్ట్‌మెంట్ వాసులకు డాబా ఉండనే ఉంది, కాకపోతే నీళ్ల ట్యాంకు నీడ ఎటు పడుతుందో ముందు రోజు అదే వేళకు పైకి వెళ్లి చూసి రావాలి.

ఉండవల్లి గుహల వంటి పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల దగ్గర స్టాండ్లు, ట్రైపాడ్ పెట్టాలనుకుంటే అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి. బ్యారేజీ మీది రోడ్డు ఎంత ఊరించినా అక్కడ స్టాండు పెట్టవద్దు. 1957 నుంచి అది రాకపోకల దారి, పిల్లలను వరుసలో నిలబెట్టే చోటు కాదు.

రెండో అడుగు: రెండు ఎక్స్‌పోజర్ల లెక్క

ఆరుబయట ఫ్లాష్‌తో తీసిన ప్రతి ఫోటోలో రెండు ఎక్స్‌పోజర్లు కలిసి ఉంటాయి. ఒకటి పగటి వెలుతురుది, రెండోది ఫ్లాష్‌ది. ఫ్లాష్ మెరుపు షట్టర్ తెరిచి ఉండే వ్యవధి కంటే చాలా తక్కువ సేపు ఉంటుంది. అందువల్ల షట్టర్‌ను సెకనులో 1/100 వంతు నుంచి 1/200 వంతుకు మారిస్తే పగటి వెలుతురు సగానికి తగ్గుతుంది, ఫ్లాష్ వెలుతురు మాత్రం తగ్గదు. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది), ఐఎస్‌ఓ (సెన్సార్ సున్నితత్వం) పగటి వెలుతురునూ ఫ్లాష్‌నూ ఒకేసారి మారుస్తాయి. ఫ్లాష్ బలం, దూరం ఒక్క ఫ్లాష్‌నే మారుస్తాయి. దీని నుంచి వచ్చే ఆచరణ సూత్రం ఇది: నేపథ్యం ముదరాలన్నా తేలాలన్నా షట్టర్ తిప్పండి, ముఖాలు మాత్రమే మారాలంటే ఫ్లాష్ బలం తిప్పండి.

షట్టర్‌కు ఒక హద్దు ఉంది. తెరలతో పనిచేసే షట్టర్ ఒక వేగం దాటాక సెన్సార్ మొత్తాన్ని ఒకేసారి తెరవదు. రెండు తెరల మధ్య సన్నని సందు మాత్రమే సెన్సార్ మీదుగా జరుగుతుంది. ఆ సమయంలో ఫ్లాష్ మెరిస్తే ఫోటోలో కొంత భాగం వరకే దాని వెలుతురు అంది, మిగిలినది నల్లని పట్టీగా కనిపిస్తుంది. సెన్సార్ మొత్తం ఒకేసారి తెరుచుకునే ఆఖరి వేగాన్నే సింక్ వేగం అంటారు. చాలా కెమెరాలలో అది 1/200 లేదా 1/250. కొన్నిటిలో 1/160, 1/180. మీ కెమెరాది ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి.

ఈ హద్దును దాటడానికే హై స్పీడ్ సింక్, అంటే హెచ్‌ఎస్‌ఎస్, ఉంది. అందులో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక, షట్టర్ కదులుతున్నంతసేపూ చిన్న చిన్న మెరుపులుగా వెలుగుతూ ఉంటుంది. దానికి మూల్యం కనీసం రెండు స్టాప్‌ల బలం. ఎఫ్/1.8 దగ్గర నేపథ్యాన్ని కరిగించి ఒక్కరిని తీసేవారికి ఇది అవసరం. గ్రూప్‌కు సాధారణంగా అక్కరలేదన్నది నా నిశ్చితాభిప్రాయం. రెండు మూడు వరుసలు స్పష్టంగా రావాలంటే ఎలాగూ ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 దాకా వెళ్లాలి. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100 వద్ద సరిపడే ఎక్స్‌పోజర్ సుమారు ఎఫ్/11, 1/200. అది సింక్ హద్దులోనే ఉంది. హెచ్‌ఎస్‌ఎస్ లేని చౌక ఫ్లాష్ కొన్నామని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

మూడో అడుగు: సామాను

కెమెరాకు జోడించి వాడే మామూలు ఫ్లాష్ ఒకటి, దాన్ని దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్ ఒకటి, రెండున్నర మీటర్లకు పైగా లేచే స్టాండు ఒకటి ఉంటే పని మొదలవుతుంది. నీడలోనో, పొద్దు వాలాకో తీసేటట్టయితే ఒక పెద్ద తెల్ల గొడుగు కూడా తీసుకోండి. వరుసగా గ్రూపులు తీసేవారు 200 వాట్-సెకన్ల (ఒక్క మెరుపులోని శక్తికి కొలత) తరగతి లైటు, ఉదాహరణకు గోడాక్స్ ఏడీ200 వంటిది, కొనుక్కుంటే ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇసుక సంచి మాత్రం మరువకూడదు. సాయంత్రం కృష్ణ మీద నుంచి వచ్చే గాలికి గొడుగు కట్టిన స్టాండు ఇట్టే పడిపోతుంది, అదీ సాధారణంగా పిల్లలు కూర్చున్న ముందు వరుస వైపే. ఇసుక సంచి లేకపోతే రెండు లీటర్ల నీళ్ల సీసాలు మూడు నాలుగు ఒక సంచిలో వేసి స్టాండు కాళ్ల మధ్య కట్టండి. దానితో పాటు బంధువుల కుర్రాడొకడిని స్టాండు పట్టుకొమ్మని నిలబెట్టండి. గాలి మరీ ఎక్కువగా ఉంటే గొడుగు తీసేసి ఫ్లాష్‌ను నేరుగా కొట్టడమే తెలివైన పని. ఐదు మీటర్ల దూరం నుంచి మీటరు వెడల్పు గొడుగు కూడా చిన్న లైటుగానే మారుతుంది కాబట్టి మీరు అనుకున్నంత మెత్తదనం ఏమీ పోదు.

నాలుగో అడుగు: ముందు మనుషులు, తరువాత లైటు

లైటు సరిచేసుకున్నాక మనుషులను పిలవడం స్టూడియో పద్ధతి. ఆరుబయట కుటుంబం విషయంలో వరుసలు కుదిరాకే లైటు పెట్టాలి, లేకపోతే ఆఖరి నిమిషంలో ఆటో దిగి వచ్చిన బాబాయి కుటుంబంతో వరుస వెడల్పు మారి లెక్కంతా తప్పుతుంది.

పెద్దలకు కుర్చీలు వేయండి. అమ్మమ్మ, తాతయ్య మధ్యలో కూర్చుంటే, వారి వెనుక కొడుకులూ కోడళ్లూ, కూతుళ్లూ అల్లుళ్లూ జంటలుగా నిలబడతారు. పిల్లలు ముందు చాప మీద కూర్చుంటారు. ఫ్లాష్ దృష్టితో చూస్తే ఇక్కడ చేయవలసినవి రెండు. ఒకటి, వరుసల మధ్య దూరాన్ని తగ్గించడం: నిలబడినవారు కుర్చీ వీపుకు ఆనుకుని నిలబడితే రెండు వరుసల ముఖాల మధ్య అరమీటరు కంటే ఎక్కువ ఉండదు. రెండోది, వరుస చివర్లను కొంచెం ముందుకు వంపు తిప్పడం. ఈ నెలవంక ఆకారంతో అంచున ఉన్నవారు కూడా కెమెరాకు, లైటుకు దాదాపు సమాన దూరంలోకి వస్తారు.

ఫుల్ ఫ్రేమ్ కెమెరాపై (36 ఎంఎం వెడల్పు సెన్సార్ ఉన్నది) 50 ఎంఎం లెన్స్‌తో ఐదు మీటర్ల దూరం నుంచి సుమారు 3.6 మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. భుజాలు కాస్త కలిపి నిలబడితే ఆరుగురికి, అంటే రెండు వరుసల్లో పన్నెండు మందికి, అది సరిపోతుంది. ఎఫ్/5.6 వద్ద అదే దూరంలో ఫోకస్ చేస్తే సుమారు 3.7 నుంచి 7.5 మీటర్ల వరకు స్పష్టంగా ఉంటుంది. చోటు లేదని 24 ఎంఎంకు దిగవద్దు. అంచున ఉన్న పిన్నిగారి ముఖం సాగిపోతుంది, ఆ ఫోటో ఆవిడ ఎవరికీ చూపించరు. రెండు వరుసలైతే ముందు వరుస కళ్ల మీద, మూడు వరుసలైతే మధ్య వరుస కళ్ల మీద ఫోకస్ చేయండి.

ఐదో అడుగు: ఫ్లాష్ ఆపి మొదటి టెస్ట్

కెమెరాను మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 1/200తో మొదలుపెట్టి, ఫ్లాష్ వెలిగించకుండా ఒక ఫోటో తీయండి. ఈ ఫోటోలో ముఖాలు నల్లగా ఉన్నా పట్టించుకోవద్దు. నీరు, ఆకాశం, కొండ ఎలా వచ్చాయో మాత్రమే చూడండి. హైలైట్ హెచ్చరిక ఆన్ చేసి ఉంటే బర్న్ అయిన చోట్లు తెరపై మినుకుమినుకుమంటాయి. సూర్యబింబం, నీటి మీది తళుకు మినుకుమనడంలో తప్పు లేదు. ఆకాశం మొత్తం మినుకుమంటే అపర్చర్ ఒక స్టాప్ తగ్గించాలి, అంటే ఎఫ్/8 నుంచి ఎఫ్/11కు మార్చాలి.

నేపథ్యం కంటికి కనిపించే దానికంటే అరస్టాప్ నుంచి ఒక స్టాప్ ముదురుగా ఉండేలా చూసుకుంటే, తరువాత ఫ్లాష్ పడిన ముఖాలు దాని ముందు తేటగా నిలుస్తాయి. అంతకు మించి ముదర్చడం నాకు నచ్చదు. రెండు మూడు స్టాప్‌లు దించేసి, పట్టపగలే తుపాను మబ్బు కమ్మినట్టున్న ఆకాశం ముందు తెల్లగా మెరిసే కుటుంబాన్ని నిలబెట్టే పద్ధతి ఈ మధ్య చాలా కనిపిస్తోంది. అలాంటి ఫోటోలో మనుషులు ఆ చోట ఉన్నట్టు అనిపించదు, అట్ట మీద అతికించినట్టు ఉంటారు.

నీడలో లెక్క వేరు. అక్కడ ఐఎస్‌ఓ 100, ఎఫ్/5.6, 1/125 సుమారుగా సరిపోతుంది. ఎఫ్/8, 1/250 కావాలంటే (మీ కెమెరా సింక్ వేగం అంత ఉంటేనే) ఐఎస్‌ఓను 400కు పెంచండి. ఇప్పటి కెమెరాలకు ఐఎస్‌ఓ 400 లెక్కలోనిది కాదు, పైగా కదిలే పిల్లలకు 1/125 కంటే 1/250 ఎంతో నయం.

ఆరో అడుగు: ఫ్లాష్‌ను ఎక్కడ పెట్టాలి

ఈ అడుగు మీద మిగతా వాటికంటే ఎక్కువ సమయం వెచ్చించండి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది వర్గ విలోమ నియమం. దీన్ని మన పన్నెండు మందికి అన్వయించి చూద్దాం. వరుస వెడల్పు మూడు మీటర్లు. ఒక్కరి పోర్ట్రెయిట్ అలవాటు కొద్దీ స్టాండును ఎడమవైపు, ఆ చివరి మనిషికి రెండు మీటర్ల దూరంలో పెట్టారనుకోండి. కుడి చివరి మనిషికి అది సుమారు ఐదు మీటర్ల దూరమవుతుంది. ఈ ఇద్దరి మధ్య వెలుతురులో తేడా ఆరు రెట్లకు పైనే, అంటే రెండున్నర స్టాప్‌లు దాటి. ఎడమవైపు మేనత్త ముఖం తెల్లబోతుంది, కుడివైపు బావగారు చీకట్లో ఉంటారు, ఎడిటింగ్‌లో ఎంత తంటాలు పడినా ఇద్దరూ ఒకే వెలుతురులో నిలబడినట్టు రారు.

ఇప్పుడు అదే స్టాండును వెనక్కి లాగి, కెమెరా పక్కన మీటరున్నర ఎడమగా, గ్రూప్‌కు ఐదు మీటర్ల దూరంలో పెట్టండి. ఎడమ చివరి మనిషికి ఐదు మీటర్లు, కుడి చివరి మనిషికి 5.8 మీటర్లు. తేడా అరస్టాప్ లోపే. లైటును కెమెరాకు సరిగ్గా వెనుక, నడుమ నిలబెడితే మధ్యలో ఉన్నవారికీ అంచున ఉన్నవారికీ తేడా కంటికి తెలియనంత తక్కువ. వరుసల లోతు విషయంలోనూ ఇదే జరుగుతుంది: వెనుక వరుస ముఖాలు ముందు వరుస కంటే 80 సెంటీమీటర్లు వెనుక ఉంటే, రెండు మీటర్ల నుంచి కొట్టిన లైటులో అది ఒక స్టాప్ తేడా, ఐదు మీటర్ల నుంచి కొట్టిన లైటులో అరస్టాప్ కంటే తక్కువ.

ఇంకా మిగిలిన చిన్న తేడాను లైటు తిప్పి సరిచేయవచ్చు. ఎడమవైపున్న ఫ్లాష్ మొహాన్ని మధ్యలో ఉన్నవారి వైపు కాక కుడి చివరివారి వైపు గురిపెట్టండి. పుంజం నడుమ భాగం దూరంగా ఉన్నవారికి, బలహీనమైన అంచు దగ్గరగా ఉన్నవారికి అందుతుంది కనుక రెండూ దాదాపు సమానమవుతాయి.

ఎత్తు విషయానికి వస్తే, ఫ్లాష్ రెండున్నర మీటర్లకు తగ్గకూడదు. అది నిలబడినవారి ముఖం ఎత్తులోనే ఉంటే ముందున్నవారి తల నీడ వెనుకవారి గడ్డం మీదో నోటి మీదో పడుతుంది. పైనుంచి వచ్చే లైటులో ఆ నీడ వారి ఛాతీ మీదికి దిగిపోతుంది. అలాగని మూడున్నర, నాలుగు మీటర్లు లేపి దగ్గరకు జరిపితే కనుబొమల నీడ కళ్లలో పడి, కనుగుడ్డులో మెరుపు రాదు. ఐదు మీటర్ల దూరానికి రెండున్నర నుంచి మూడు మీటర్ల ఎత్తు చాలు.

రెండు ఫ్లాషులు ఉన్నవారు వాటిని చెరో పక్కన పెట్టాలని ఉవ్విళ్లూరుతారు. ఒక్కొక్కరికి రెండు ముక్కు నీడలు వచ్చి, ఒకరి నీడ కుడికి, మరొకరిది ఎడమకు పోయి, వరుస మధ్యలో అవి ఒకదానినొకటి దాటుకుంటాయి. రెండూ ఉంటే ఒకే స్టాండు మీద పక్కపక్కనే పెట్టి ఒకే లైటుగా వాడండి. బలం రెట్టింపవుతుంది, సగం బలంతో కొట్టినా సరిపోతుంది కాబట్టి త్వరగా రీసైకిల్ అవుతాయి, అంటే తరువాతి మెరుపుకు సిద్ధమవుతాయి.

ఏడో అడుగు: ఎంత బలం

ఫ్లాష్ గరిష్ఠ బలాన్ని చెప్పే అంకె గైడ్ నంబరు. కంపెనీ గొప్పగా ప్రకటించే 60 అన్న అంకె సాధారణంగా 200 ఎంఎం జూమ్ వద్ద, అంటే పుంజాన్ని బాగా ఇరుకు చేసినప్పటి, లెక్క. గ్రూప్ మొత్తాన్ని కవర్ చేయడానికి 35 ఎంఎం జూమ్ పెడితే అదే ఫ్లాష్ గైడ్ నంబరు సుమారు 36కు దిగుతుంది. గైడ్ నంబరును మీటర్లలో దూరంతో భాగిస్తే ఐఎస్‌ఓ 100 వద్ద కావలసిన అపర్చర్ వస్తుంది. 36ను 4.5తో భాగిస్తే 8. అంటే గొడుగు లేకుండా, పూర్తి బలంతో, నాలుగున్నర మీటర్ల నుంచి ఈ ఫ్లాష్ ఎఫ్/8కు సరిపడా వెలుతురు ఇస్తుంది. నిండు ఎండలో కెమెరా ఎఫ్/11 దగ్గర ఉంటే, ఫ్లాష్ దానికి ఒక స్టాప్ తక్కువ, పూరకంగా అంతే కావాలి. అక్కడే గొడుగు కడితే ఒకటిన్నర, రెండు స్టాప్‌లు దానిలో పోతాయి; ఫోటోలో ఫ్లాష్ పడిందో లేదో కూడా తెలియదు. నిండు ఎండలో ఒక్క చిన్న ఫ్లాష్‌కు గొడుగు కట్టడం వృథా అనడానికి కారణం ఈ లెక్కే. నీడలో మాత్రం అదే ఫ్లాష్, గొడుగుతో సహా, పని నిర్వహించగలదు.

ఫ్లాష్‌ను టీటీఎల్ లో (బలాన్ని కెమెరాయే నిర్ణయించే ఆటో పద్ధతిలో) కాక మాన్యువల్‌లో పెట్టమనే నా సలహా. టీటీఎల్ ప్రతి ఫోటోకూ వెలుతురును కొత్తగా కొలుస్తుంది. తెల్ల పంచెలు, తెల్ల చొక్కాలు ఎక్కువైతే ఫ్లాష్ బలం తగ్గించేస్తుంది, ముదురు పట్టుచీరలు ఎక్కువైతే పెంచేస్తుంది. మనుషులు కదలకుండా ఒకేచోట ఉన్నప్పుడు ఈ మార్పులతో ఏ ప్రయోజనమూ లేదు. పైగా టీటీఎల్ కొలత కోసం అసలు మెరుపుకు ముందు ఒక చిన్న మెరుపు వెలుగుతుంది, దానికి కొందరు సరిగ్గా ఫోటో పడే క్షణానికి రెప్ప వేస్తారు.

1/4 బలంతో మొదలుపెట్టండి. ఒక ఫోటో తీసి, ముఖాలను తెరపై పెద్దవి చేసి చూడండి. ముఖాలు చీకటిగా ఉంటే 1/2కు, ఎక్కువైతే 1/8కు మార్చండి. ఫ్లాష్ వాడినట్టు చూసినవారికి తెలియకూడదు. తెలిసిందంటే మూడో వంతు స్టాప్ తగ్గించవలసి ఉందని అర్థం. ఒకే ఇంట్లో చామనఛాయ, ఎరుపు, నలుపు అన్నీ ఉంటాయి. అందరిలో తేలిక రంగు ముఖం నుదుటి మీద బర్న్ కాకుండా ఉన్నంత వరకే బలం పెంచండి. ముదురు రంగు ముఖాలను తరువాత ఎడిటింగ్‌లో కొంచెం తేల్చవచ్చు గానీ, బర్న్ అయిన నుదుటిని వెనక్కి తేలేం.

ఎనిమిదో అడుగు: దగ్గరగా చూడవలసినవి

టెస్ట్ ఫోటోను నూరు శాతం పెద్దది చేసి, ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా ఒక్కొక్క ముఖాన్నీ చూడండి. ముందుగా కళ్లద్దాలు. అద్దంలో తెల్లని చతురస్రం కనిపిస్తే అది మీ ఫ్లాష్. లైటును ఒక అడుగు పైకి లేపి, "తాతయ్యగారూ, గడ్డం కొంచెం కిందికి దించండి" అంటే చాలావరకు పోతుంది. అప్పటికీ పోకపోతే కళ్లద్దాల కాడలను చెవుల మీద కొంచెం పైకి ఎత్తి పెట్టమనండి. అద్దం కిందికి వాలి ప్రతిబింబం నేల వైపు పోతుంది. కళ్లద్దాలు తీసేయమనడం మాత్రం సరికాదు. నలభై ఏళ్లుగా కళ్లద్దాలతోనే అందరికీ తెలిసిన మనిషి, అవి లేకుండా ఫోటోలో వేరే మనిషిలా ఉంటారు.

తరువాత చెమట. విజయవాడ ఉక్కకు నుదురు, ముక్కు, పైపెదవి మీద పేరుకునే చెమట ఫ్లాష్ వెలుతురులో తెల్లని మచ్చలై మెరుస్తుంది. మెత్తని నూలు తువ్వాలు ఒకటి దగ్గర పెట్టుకుని, ప్రతి నాలుగైదు ఫోటోలకు ఒకసారి అందరినీ అద్దుకోమనండి. రుద్దితే బొట్టు చెదురుతుంది. ఇక జరీ. మంగళగిరి చీర అంచు గానీ, కంచిపట్టు కొంగు గానీ చదునుగా లైటుకు ఎదురుగా ఉంటే ఆ పట్టీ మొత్తం తెల్లబోయి నేత కనిపించదు. కట్టుకున్నవారిని భుజం ఒక్క పిసరు పక్కకు తిప్పమంటే మెరుపు తప్పుకుని, బంగారు రంగు తిరిగి వస్తుంది. మెడలోని కాసులపేరు విషయంలో నాలుగు కాసులు మెరిసినా పోనివ్వండి, బంగారం మెరవకపోతే వేసుకున్నవారికే నచ్చదు.

రంగు గురించి ఒక మాట. ఫ్లాష్ వెలుతురు దాదాపు 5500 కెల్విన్, మధ్యాహ్నపు ఎండకు దగ్గర. పొద్దు వాలే వేళ ఎండ బాగా పసుపెక్కుతుంది. అప్పుడు వెనుక జుట్టు అంచులు బంగారు రంగులో, ముఖాలు మాత్రం పాలిపోయి కనిపిస్తాయి. ఫ్లాష్ ముందు సగం తీవ్రత గల నారింజ జెల్ కాగితం అంటించి, వైట్ బ్యాలెన్స్‌ను (కెమెరాలో రంగుల సర్దుబాటును) డేలైట్‌లోనే ఉంచండి. కొంత బలం తగ్గుతుంది కాబట్టి ఫ్లాష్‌ను మూడో వంతు నుంచి సగం స్టాప్ పెంచుకోవాలి. పచ్చని చెట్ల కింద తీసేటప్పుడు మాత్రం జెల్ అక్కరలేదు. ఆకుల నుంచి ముఖాల మీదికి దిగే పచ్చదనాన్ని ఫ్లాష్ తానే కడిగేస్తుంది.

తొమ్మిదో అడుగు: తీయడం

ఒక్క ఫోటోలో పన్నెండు మంది కళ్లు తెరిచి ఉండడం అరుదు. అందువల్ల కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, ఫ్రేము కదలకుండా కనీసం ఎనిమిది పది ఫోటోలు తీయండి. కెమెరా, లైటు రెండూ కదలలేదు గనుక ఒక ఫోటోలో కళ్లు మూసినవారి ముఖాన్ని మరో ఫోటో నుంచి తెచ్చి అతికించడం ఎడిటింగ్‌లో సులభం. ఫ్లాష్ రీసైకిల్ అయ్యే వ్యవధిని గౌరవించండి; 1/2 బలం దగ్గర సాధారణ ఏఏ సెల్లులతో అది రెండు మూడు సెకన్లు తీసుకోవచ్చు, ఆలోపు నొక్కితే ఆ ఫోటోలో ఫ్లాష్ సగమే పడుతుంది లేదా అసలు పడదు.

"ఒకటి, రెండు, మూడు" లెక్కపెడితే మూడు దగ్గర అందరూ బిగుసుకుపోతారు. అందరినీ కళ్లు మూసుకోమని, నేను చెప్పగానే తెరవండి అని, తెరిచిన అరసెకనుకు నొక్కితే రెప్పపాట్లు బాగా తగ్గుతాయి. చంటిబిడ్డ ఉంటే ఆమె తల్లితో, "అమ్మా, మీరు పాపను చూడకండి, ఇటే చూడండి, పాపను మేం చూపిస్తాం" అని ముందే చెప్పి, మీ భుజం వెనుక గిలక్కాయతో ఒకరిని నిలబెట్టండి. బిడ్డ బాగున్న ఫోటోలో తల్లి కిందికి చూస్తూ ఉండడం కుటుంబ ఫోటోలలో అతి తరచుగా జరిగే నష్టం.

కెమెరా మీది ఫ్లాష్ ఒక్కటే ఉంటే

స్టాండూ ట్రిగ్గరూ లేనివారు నిరుత్సాహపడనక్కరలేదు. కెమెరా మీది ఫ్లాష్ వరుసకు నడుమ, అందరికీ ఇంచుమించు సమాన దూరంలో ఉంటుంది కనుక గ్రూప్‌కు దాని లైటు ఎగుడుదిగుడు లేకుండానే పడుతుంది. అది ముఖ్య వెలుతురైతేనే ముఖాలు చదునుగా కనిపిస్తాయి. వెనుక నుంచి ఎండ, ముందు నుంచి పూరకంగా ఫ్లాష్ అన్నప్పుడు ఆ ఇబ్బంది ఉండదు. ఇక్కడ టీటీఎల్ వాడినా ఫరవాలేదు, ఫ్లాష్ కాంపెన్సేషన్ (టీటీఎల్ లెక్కను పెంచే, తగ్గించే సర్దుబాటు) మాత్రం మైనస్ ఒకటి నుంచి మైనస్ ఒకటిన్నర మధ్య పెట్టండి. ఇంట్లో చేసినట్టు ఫ్లాష్ తలను ఆకాశానికి తిప్పి కొట్టేవారిని ఘాట్ల దగ్గర చూస్తుంటాను. తిరిగి కిందికి పంపడానికి అక్కడ కప్పు లేదు. బ్యాటరీ ఖర్చవడమే మిగులుతుంది. ఫ్లాష్ మీద బిగించే చిన్న తెల్ల ప్లాస్టిక్ మూత కూడా ఐదు మీటర్ల దూరానికి లైటును మెత్తబరచదు, బలాన్ని మాత్రం తినేస్తుంది. తీసి సంచిలో వేయండి.

పొద్దుగూకిన తరువాత

మన అక్షాంశాల్లో సంధ్య పొట్టిది. సూర్యుడు దిగిన ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో ఆకాశం నీలం నుంచి నలుపులోకి జారిపోతుంది. ఈ వ్యవధిలో ఫ్లాష్ బలం, అపర్చర్ అలాగే ఉంచి, షట్టర్‌ను మాత్రమే 1/200 నుంచి 1/125కు, 1/60కు, 1/30కు దించుకుంటూ పోతే ముఖాలు మారకుండా, తగ్గుతున్న ఆకాశాన్ని వెంబడించవచ్చు. 1/30 కంటే కిందికి వెళ్లకుండా, ఇంకా వెలుతురు కావలసివస్తే ఐఎస్‌ఓను రెట్టింపు చేసి ఫ్లాష్‌ను సగానికి తగ్గించండి. ఈ వేళకు ఫ్లాషే ముఖ్య వెలుతురవుతుంది కాబట్టి మధ్యాహ్నం వద్దన్న గొడుగును ఇప్పుడు తెరిచి, గాలి అనుమతించినంత వరకు వాడుకోవాలి. బ్యారేజీ దీపాలు వెలిగాక ఆటోఫోకస్ ముఖాలను పట్టుకోలేక తడబడుతుంది. ఫోన్ టార్చితో మధ్యవారి ముఖాన్ని ఒక్క క్షణం వెలిగించి, ఫోకస్ కుదిరాక లెన్స్‌ను మాన్యువల్ ఫోకస్‌కు మార్చి, ఆ తరువాత ఎవరినీ ముందుకూ వెనక్కూ కదలవద్దని చెప్పండి.

ఫ్లాష్ పూర్తి బలంతో వరుసగా ముప్పై నలభై సార్లు వెలిగితే వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో మూసిన కారులో ఫ్లాషునూ లిథియం బ్యాటరీలనూ వదిలి వెళ్లవద్దు. తీసేవరకు నీడలో, గుడ్డ సంచిలో ఉంచి, రెండో సెట్ సెల్లులను జేబులో పెట్టుకుని పని మొదలుపెట్టండి.